తమ్ముణ్ణి పైలట్‌గా రమ్మంటున్నారు, ఒక్క ట్రిప్పే కదా అంటున్నాడు

ప్రశ్న: అన్నా, మాది చంద్రగిరి పక్కన పల్లె. మా తమ్ముడికి 23 ఏళ్లు. డిప్లొమా మధ్యలో ఆపేసి కారు తోలతా ఉండాడు, ఫైనాన్స్‌లో తీసుకున్న కారు. కొండకొచ్చే వాళ్లని కాణిపాకం, కాళాస్తి తిప్పుతాడు. నెల నుంచీ మనిషి మారిపోయినాడు. కొత్త ఫోను, జేబులో ఎప్పుడూ డబ్బులు, ఎవరో అన్న ఇచ్చినాడంటాడు. నిలదీసి అడిగితే చెప్పినాడు, ఎర్రచందనం బండి ముందర పైలట్‌గా పోవాలంట, దుంగలు ముట్టే పనే లేదంట, దోవలో పోలీసులుంటే ఫోన్ చేస్తే చాలంట, రాత్రికి 20 వేలంట. ఇంకా పోలేదు అంటాడు, నమ్మాలో లేదో తెలీదు. రెండు ట్రిప్పులు పోయి కారు బాకీ తీర్చేసి మానుకుంటా అంటాడు. అసలు లోపల ఏం జరుగుతాది? పోయినోడు బయటికి రాగలడా? నేను పోలీసులకి చెప్తే వీణ్ణే లోపలేస్తారా? నాన్నకి తెలిస్తే నరికేస్తాడు. పేరు వేయొద్దన్నా.

జవాబు: చెల్లెమ్మా, ముందు పోలీసుల సంగతి చెప్పేస్తా, నీకు నిద్ర పట్టంది దానికే అని తెలుస్తా ఉంది. మీవాడు నిజంగానే ఇంకా పోకుండా, వస్తానని ఒప్పుకోకుండా ఉంటే వాడి మీద కేసు కట్టేదానికి పెద్దగా ఏమీ లేదు. ఎవడో పిలిచినాడు, వీడు విన్నాడు, అంతే. పోయుంటే మాత్రం వేరే దోవ ఉంది, అది తర్వాత చెప్తా. నేను తిరుపతి కోర్టుల్లో ఈ ఎర్రచందనం కేసులు చాలా ఏళ్లుగా చూస్తా ఉండే లాయర్ని, ముద్దాయిలు, వాళ్ల అమ్మలు, పెళ్లాలు మా టేబుల్ ముందర కూర్చొని చెప్పిన సంగతుల్లోంచే ఇదంతా చెప్తా ఉండా.

లోపల ఏం జరుగుతాది అన్నావు కదా. ఈ చెట్టు మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానంతట అది ఇట్లా అడవిగా పెరగదు, కొనేవాడేమో చైనాలోనో ఇంకో దేశంలోనో ఉంటాడు, 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద దీని వ్యాపారం మీద కట్టడి ఉంది. అందుకే కొండ మీద నరికిన దుంగ సముద్రం దాటేలోపల ఎన్నో చేతులు మారాల. నరికేదానికి తిరువణ్ణామలై, వేలూరు పక్క జవ్వాది కొండల నుంచి కూలీలొస్తారు, వాళ్లని తెచ్చేది ఒక మేస్త్రీ. వాళ్లు బియ్యం, ఉప్పు, ఎర్రగడ్డలు మూట కట్టుకొని అడివెక్కి రోజుల తరబడి అక్కడే ఉండి, చెట్టు కొట్టి పైన ఉండే తెల్ల చెక్కంతా గొడ్డలితో చెక్కేసి లోపలి ఎర్ర చేవ మాత్రం భుజానేసుకొని దిగతారు. ఆ దుంగల్ని రోడ్డు దగ్గరకి చేర్చేది ఇంకొకడు, బండి తెచ్చేది ఇంకొకడు, బండి ముందర పొయ్యేది మీవాడి మాదిరి పిల్లోడు, మెడ్రాస్ పక్క గోడౌన్‌లో దించుకునేది ఇంకొకడు, అక్కడ నుంచి వేరే సరుకు పేరుతో కంటైనర్‌కి ఎక్కించేది ఇంకెవరో. నేను చూసిన ఫైళ్లలో దాదాపు అన్నిట్లో ఇదే వరస.

ఇంతమంది దేనికి? పని ఎక్కువై కాదు, రహస్యం కోసం. ఒక్కొక్కడికీ వాడి ముందరోడు, వెనకోడు తప్ప ఇంకెవరూ తెలీకూడదు. మీవాడికి తెలిసిన "అన్న" ఉండాడు చూడు, వాడికి నిజంగా ఊళ్లో ఇంకో పేరుంటాది, ఇల్లెక్కడో మీవాడికి తెలీదు, అడిగి చూడు కావాలంటే. వాడి పైనుండేవాడు ఎవరో ఈ అన్నకే సగం తెలీదు. పోలీసులు రాత్రి బండి పట్టుకుంటే తాడు అక్కడికక్కడే తెగిపోవాల, గోడౌన్ దాకా పాకకూడదు. అట్లా తెగిపొయ్యే చోట నిలబెట్టేదానికే మనుషుల్ని వెతుకుతా ఉంటారు. కేసులు లేని మొహం కావాల, బాకరాపేట ఘాటు మలుపులు తెలిసినోడు కావాల, భక్తుల బండి అని చెక్‌పోస్టులో చెప్పుకోగలిగినోడు కావాల, ముఖ్యంగా బాకీ ఉన్నోడు కావాల. మీ తమ్ముడికి ఈ నాలుగూ ఉండాయి. వాణ్ణి ఎంచుకునేటప్పుడు ధైర్యం ఉందా, తెలివి ఉందా అని ఎవరూ చూళ్లేదు, ఈఎంఐ ఎన్ని నెలలు తప్పింది అనేది చూసినారు. ఫైనాన్స్ ఆఫీసు బయట టీ అంగట్లో నిలబడితే ఆ సమాచారం ఎవరికైనా దొరకతాది.

ఇంక డబ్బు సంగతి. మొదట్లో ఇచ్చే ఫోను, బిర్యానీలు, "పెట్రోల్ కొట్టించుకో తమ్ముడూ" అని చేతిలో పెట్టే రెండు వేలు, ఇవన్నీ ప్రేమతో ఇచ్చినట్టే ఉంటాయి. నోటుబుక్కులో రాయరు, కానీ తలలో రాసుకుంటారు. మొదటి ట్రిప్పుకి చెప్పిన డబ్బులు చెప్పినట్టు అదే పొద్దున ఇస్తారు, రెండోదానికీ ఇస్తారు. మూడో ట్రిప్పు నుంచి "సగం తీసుకో, సరుకు అమ్ముడు పోలేదు, పైనుంచి రాలేదు, వచ్చే లోడుతో కలిపి ఇస్తా" అని మొదలవతాది. ఇప్పుడు చూడు, వాడికి వీళ్లు బాకీ, ఆ బాకీ రావాలంటే వాడు ఇంకో ట్రిప్పు పోవాల. మానేస్తా అంటే సగం డబ్బు పోతాది, పోనీలే అన్నా కూడా, "నిన్ను ఇంతకాలం చూసుకున్నామే, ఆ ఫోను ఎవరిచ్చినారు" అని మాటొస్తాది. జవ్వాది కొండల నుంచొచ్చే కూలీల్ని కట్టేసేది కూడా ఇదే అడ్వాన్సు. మనిషికి సంకెళ్లు వేసేదానికి ఇంతకన్నా చవకైన పద్ధతి ఎవురూ కనిపెట్టలేదు.

వేరే దేశాల్లోనూ ఇదే కథ. అమెరికాలో చికాగోలో మత్తుమందు అమ్మే ఒక గ్యాంగు సొంతంగా రాసుకున్న నాలుగేళ్ల జమాఖర్చులు ఇద్దరు పరిశోధకుల చేతికి దొరికినాయి, 2000లో అచ్చేసినారు. వీధి మూలన నిలబడి సరుకు అమ్మే కుర్రోళ్లకి గంటకి సుమారు 3 డాలర్ల 30 సెంట్లు పడింది, అంటే అక్కడి హోటల్లో ప్లేట్లు కడిగేవాడికన్నా తక్కువ, ఆ నాలుగేళ్లలో చచ్చిపొయ్యే అవకాశం నలుగుర్లో ఒకరికి. చాలామంది పగలు వేరే పని కూడా చేసుకుంటా ఉండినారు, చాలామంది అమ్మ ఇంట్లోనే ఉండినారు. డబ్బంతా పైకి పోతా ఉండింది, కింద ఉండేవాళ్లకి మిగిలింది ఏదో ఒకరోజు పైకి పోతాం అనే ఆశ. మన దగ్గర కూడా బాకరాపేట ఘాట్‌లో పైలట్‌గా మొదలుపెట్టి గోడౌన్ ఓనరైనోడు ఎవడో ఒకడు ఉండాడని చెప్తారు, ఆ ఒక్కడి పేరే అందరికీ చెప్తారు. మిగతా పిల్లోళ్ల పేర్లు మా కేసు డైరీల్లో ఉంటాయి.

"దుంగలు ముట్టను, ఊరికే ముందర పోతా" అనేదాని మీద చెప్తా, ఇది జాగ్రత్తగా విను, వాడికి కూడా వినిపించు. కోర్టులో ముట్టినోడు, ముట్టనోడు అని తేడా లేదు. దొంగ సరుకు దాటేదానికి దోవ చూపించినోడు కూడా ముద్దాయే, కుట్ర సెక్షన్ పడతాది. పైలట్ కారు, వెనక బండి, ఇద్దరి మధ్య రాత్రంతా పోయిన కాల్స్, టవర్ లొకేషన్లు, టోల్ గేట్ కెమెరాలు, అన్నీ కలిపి ఒక ఛార్జిషీటు. 2016లో మన అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనానికి శిక్షలు గట్టిగా పెంచినారు, తిరుపతిలో ఈ కేసుల కోసమే ప్రత్యేక కోర్టు ఉంది, అక్కడ ఐదేళ్ల జైలు పడిన డ్రైవర్లని, కూలీల్ని నేను కళ్లారా చూసినా. ఆపైన 2024 జూలై నుంచి వచ్చిన కొత్త నేర చట్టంలో 111 అని ఒక సెక్షన్ ఉంది, గ్యాంగు మీద పాత ఛార్జిషీట్లు ఉంటే దాన్ని పెట్టొచ్చు, ఆ గ్యాంగులో మనిషని తేలితే కనీసం ఐదేళ్లు, పైకి యావజ్జీవం దాకా, జరిమానా 5 లక్షలకి తగ్గదు. రెండు మూడు కేసులైతే కలెక్టర్ పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం కింద ఆర్డర్ ఇస్తే విచారణ అనేదే లేకుండా 12 నెలలు లోపల పెట్టొచ్చు. ఇంక కారు. అడవి సరుకు కేసులో పట్టుకున్న బండిని ప్రభుత్వం జప్తు చేసేస్తాది. ఓనరు వేరే మనిషైతే నాకు తెలీకుండా వాడినారు, నేను జాగ్రత్తగానే ఉండినా అని నిరూపించుకోవచ్చు. తోలిందీ వీడే, ఓనరూ వీడే, ఏం నిరూపిస్తాడు? కారు డిపోలో ఎండకి ఎండతా ఉంటాది, ఈఎంఐ మాత్రం మీ నాన్న అకౌంట్ నుంచి పోతా ఉంటాది. బాకీ తీర్చేదానికి కదా పోతానంటా ఉండేది.

ఇంకో సంగతి, రాత్రి పూట అడవి పక్కన చేజ్ జరిగినప్పుడు ఎవరి చేతిలో ఏముంటాదో ముందుగా రాసిపెట్టి ఉండదు. 2013 డిసెంబర్‌లో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారుల్ని కొట్టి చంపేసినారు. 2015 ఏప్రిల్ 7న మన చంద్రగిరి పక్కనే, శ్రీవారిమెట్టు వెనక అడవిలో, 20 మంది తమిళ కూలీలు ఎన్‌కౌంటర్‌లో చచ్చిపోయినారు, దాని మీద ఎన్ని వాదనలు నడిచినా చనిపోయిన వాళ్లంతా కూలీలే, వాళ్లని పంపించినోడు ఒక్కడు కూడా ఆ అడవిలో లేడు. 2024 ఫిబ్రవరిలో కేవీపల్లె మండలంలో వాహనాలు ఆపతా ఉండిన, ఎర్రచందనం దొంగల్ని పట్టుకునే టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్‌ని స్మగ్లర్ల కారు గుద్దేసి పోయింది, ఆయన చనిపోయినాడు. కారు తోలేవాడికి ఒక్క నిమిషం ముందర కూడా తాను హత్య కేసు ముద్దాయి అవతానని తెలిసుండదు. మీవాడు చేతిలో పట్టుకొని పొయ్యేది కూడా స్టీరింగే.

పట్టుబడినాక లోపల జరిగేది బయట ఎవరికీ తెలీదు, అది చెప్తా. పిల్లోడు రిమాండ్‌కి పోయిన రెండో రోజో మూడో రోజో మీ ఇంటికి ఒకడొస్తాడు. చాలా మర్యాదగా ఉంటాడు, "అక్కా భయపడొద్దు, మనోడే, లాయర్ని మేం పెడతాం, పైసా ఖర్చు లేదు, అన్న చూసుకుంటాడు" అంటాడు. కోర్టు ఆవరణలో చెట్టు కింద మీ అమ్మకి ఇడ్లీ పొట్లం ఇప్పించి, వకాలత్ మీద, అంటే ఈయనే మా లాయరు అని ఒప్పుకునే కాగితం మీద, సంతకం తీసుకుంటాడు. అమ్మ ఏడస్తా సంతకం పెడతాది, దేవుడు పంపినట్టు వచ్చినాడే అనుకుంటాది. ఆ లాయరు ఫీజు ఎవరు కడతా ఉండారో ఆ లాయరు వాళ్ల పని చేస్తాడు, ఇది మా వాళ్ల మీద నేనే చెప్తా ఉండా, చెప్పకపోతే తప్పు. మీవాడు నోరు తెరవకూడదు, పైపేరు ఒక్కటి కూడా రికార్డులోకి రాకూడదు, అవసరమైతే సరుకు నాదే అని ఒప్పేసుకోవాల, ఇదంతా మెల్లగా నేర్పిస్తారు. బెయిలు ఎప్పుడు వేయాలి అనేది కూడా వీడి ఆరోగ్యం చూసి కాదు, పైవాళ్ల లెక్క చూసి. బయటికొచ్చినాక "బెయిలుకి ఇంత అయ్యింది, జామీనుదార్లకి ఇంత" అని ఒక బిల్లు వస్తాది, అది తీర్చేదానికి మళ్లీ ట్రిప్పు. నా దగ్గరకొచ్చిన వాళ్లలో రెండో కేసు అయినోళ్లని అడిగితే సగం మంది మొదటి కేసు బెయిలు ఖర్చు కోసమే మళ్లీ పోయినాం అన్నారు.

ఇంక లోపల విశ్వాసం, తమ్ముడూ అన్నా అనే పిలుపులు, వాటి గురించి ఎక్కువ చెప్పను. బ్యాచులకి బ్యాచులకి పడదు, ఒకడి లోడు పొయ్యే రోజు ఇంకొకడే ఫోన్ చేసి పట్టిస్తాడు. టాస్క్‌ఫోర్సుకి వచ్చే సమాచారం ఊరికే ఆకాశం నుంచి రాదు.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తా.

మొదట వాడితో మాట్లాడు, నాన్న లేనప్పుడు, అరవకుండా. మంచి చెడ్డ అని పాఠం చెప్పొద్దు, వాడికి ఆ పాఠం ఎనిమిదో క్లాసులోనే అయిపోయింది. కొన్ని ప్రశ్నలడుగు. ఆ అన్న నీ ఆధార్ జిరాక్స్ తీసుకున్నాడా? నీ పేరుతో సిమ్ములు ఏమైనా తీయించినాడా? నీ బ్యాంక్ అకౌంట్‌లో ఎవరి డబ్బులైనా వేసి తీసి ఇమ్మన్నాడా? కారుకి వేరే నంబర్ ప్లేట్ పెట్టుకొని చూపించినారా? చెక్కు గానీ, ఖాళీ బాండ్ పేపర్ గానీ సంతకం పెట్టినావా? ఒక్కదానికి అవునన్నా, ట్రిప్పు పోకముందే వాణ్ణి కట్టేసేదానికి మొదలుపెట్టేసినారు అని అర్థం. సంచార్ సాథీ అని కేంద్రం వెబ్‌సైట్ ఉంది, అందులో వాడి పేరు మీద ఎన్ని నంబర్లు ఉండాయో కనపడతాది, వాడివి కానివి అక్కడే కంప్లైంట్ పెట్టి ఆపేయించు, ఈ రాత్రికే చెయ్యి. ఆ అన్న ఇచ్చిన ఫోను వాడొద్దు, కానీ పారేయొద్దు కూడా, ఎప్పుడైనా లాయరు అడగొచ్చు.

ఆ అన్నని నువ్వు కలిసే పని పెట్టుకోవద్దు. మీ నాన్న కూడా కొడవలి తీసుకొని పోకూడదు, అందుకే ఆయనకి ఇప్పుడే చెప్పొద్దన్న నీ ఆలోచన ఒక వారానికి మాత్రం సరే. డబ్బులు వాళ్ల మొహాన విసిరికొట్టి రావడం చూసేదానికి బాగుంటాది, అది కూడా వద్దు. వీళ్లకి పౌరుషంగా కాదన్నోడి మీద కోపం, పనికిరాకుండా పోయినోణ్ణి మర్చిపోతారు. కాబట్టి వాణ్ణి పనికిరాకుండా చెయ్యి. కారు వాళ్ల మామ పేరునో, ఏదన్నా ట్రావెల్స్‌కి అటాచ్ చేసో పెట్టేయండి, జీపీఎస్ పెట్టి ఓనర్ చూస్తా ఉంటాడు అని చెప్పుకోవచ్చు. ఫైనాన్స్ వాడి దగ్గరకి మీ మామయ్యనో ఎవరినో పెద్దమనిషిని తీసుకొని పోయి గడువు అడగండి, కుదరకపోతే కారు అమ్మేసి తేడా కట్టుకోండి, జప్తులో పొయ్యేదానికన్నా అదే లాభం. వాణ్ణి కొన్ని నెలలు ఊళ్లో లేకుండా చూడు, శ్రీసిటీలో కంపెనీ బస్సులు తోలేదానికి డ్రైవర్లు కావాల్సి వస్తానే ఉంటారు, బెంగుళూరులో చుట్టాలుంటే అదీ మంచిదే. చేతిలో డబ్బులు తగ్గతాయి, మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

ఒకవేళ ఇప్పటికే ఒక ట్రిప్పు పోయొచ్చినాడని తేలితే నువ్వే స్టేషన్‌కి పోయి చెప్పొద్దు, వాణ్ణి కూడా పంపొద్దు, ముందు సొంత లాయర్ని చూసుకోండి. సొంతం అంటే ఫీజు మీరు కట్టే లాయరు. డబ్బు లేకపోతే తిరుపతి కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి పో, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, జైల్లో ఉండేవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఆ లాయరుతో కలిసి పోతే, వాడు చిన్న పాత్ర వాడు, నిజం మొత్తం చెప్తాడు అనుకుంటే, కోర్టు వాణ్ణి క్షమించి సాక్షిగా తీసుకునే వీలు చట్టంలో ఉంది. అది అందరికీ దొరకదు, దొరికినా ప్రాణభయం ఉంటాది, రక్షణ అడగాల, అవన్నీ కూర్చొని మాట్లాడుకోవాల్సిన సంగతులు, ఇట్లా రాసి తేల్చేవి కాదు. బెదిరింపులు మొదలైతే మాత్రం ఆలోచించొద్దు, 112కి ఫోన్ చెయ్యి, వచ్చిన నంబరు, టైము, మాటలు ఒక కాగితం మీద రాసిపెట్టుకో.

నాన్న సంగతి. వారం అన్నా కదా, ఆ వారంలో కారు కాగితాలు ఒక దోవకి తెచ్చి, వాడి చేతిలో వేరే పని పెట్టి, అప్పుడు చెప్పు, మీ అమ్మ పక్కనుండగా. ముందే అమ్మకి మాత్రం ఒకటి చెప్పిపెట్టు. ఎవరైనా ఇంటికొచ్చి మీ అబ్బాయి స్నేహితుణ్ణి అని చెప్పి, కాగితం మీద సంతకం అడిగితే, ఎంత ఏడుపులో ఉన్నా, నా కూతురు రానీ అని చెప్పి లోపలికి పోయి తలుపేసుకోమను.